తెలుగులో చిన్న బీ, పెద్ద బీ లేవు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ స్పెషల్ పేజీలో పాత హార్డ్ డిస్కుల మీద ఒక ఐటం వేసినారు. బొమ్మ బాగుంది, రాసిన పద్ధతీ బాగుంది, చదివించింది కూడా, కాకపోతే అందులో స్పీడు లెక్క ఎక్కడ పట్టుకున్నా తప్పే. 1980లో సీగేట్ కంపెనీ తెచ్చిన ఎస్టీ-506 డిస్క్ సెకనుకు 5 ఎంబీ చదివేదని, ఇప్పుడు మన ఇళ్లల్లో నెట్ 100 ఎంబీ కాబట్టి 20 రెట్లు పెరిగామని, డిస్క్‌ను కంప్యూటర్‌కి కలిపే పాత ఐడీఈ వైరు 133 ఎంబీ నుంచి, కొత్త సాటా వైరు రాగానే ఒక్క దెబ్బకు 1.5 జీబీకి ఎగిరిందని, ఇట్లా. మామూలుగా అయితే చదివి పక్కన పడేసే వాణ్ణే, కానీ ఆ ఐటం వల్ల నాకు షాపులో ఒక పూటంతా పంచాయతీ అయింది, అందుకే రాస్తున్నా.

నాది కర్నూలు, రాజ్‌విహార్ దగ్గర చిన్న రిపేర్ షాపు. 1992 నుంచి ఇదే పని. పాత డిస్కుల్లోంచి డేటా తీసిస్తానని పేరుంది కాబట్టి అప్పుడప్పుడు అటకల మీది సామాను మా దగ్గరికి వస్తాది. మంగళవారం పొద్దున ఒక పెద్దాయన వచ్చినాడు, వన్ టౌన్‌లో బుడ్డల (వేరుశనగ) మండీలో గుమస్తాగా చేసినాయన, ఇప్పుడు డెబ్బై దాటుంటాయి. గోనె సంచిలో చుట్టి తెచ్చినాడు, విప్పితే ఎస్టీ-225, మీరు రాసిన ఎస్టీ-506 తరహాదే, ఇటుక రాయంత ఉంది, 20 ఎంబీ డిస్క్. అదృష్టం ఏందంటే వైర్లు, డిస్క్‌ను నడిపే కార్డు కూడా పీకకుండా దాంతో పాటే తెచ్చినాడు, వెడల్పు వైరు 34 పిన్నులది, సన్నది 20 పిన్నులది. ఆ కార్డు లేకపోతే ఆ డిస్క్ చదవడం దాదాపు కుదరదు, ఎందుకంటే ఏ కార్డుతో ఫార్మాట్ చేసినారో మళ్లీ అట్లాంటి కార్డే కావాల, ఇంకో కంపెనీ కార్డు పెడితే మొహం తిప్పుకుంటాది.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు మండీలో కింద ఉన్న ఖాతా పుస్తకాలన్నీ బురదలో ముద్దయిపోయినాయంట. ఈ డబ్బా పైన అటక మీద ఉండి బతికింది. ఇప్పుడు యజమాని కొడుకులు భాగాలు పంచుకుంటున్నారు, పాత లెక్కలు కావాల, ఆ లెక్కలు ఉన్నది దీంట్లో ఒక్కదాంట్లోనే. నేను చూసి, సాయంత్రం రండి పెద్దాయనా అన్నా.

అంతే, జేబులోంచి మీ పేపర్ కటింగ్ తీసినాడు.

"ఏందప్పా, పేపర్లో సెకండుకు ఐదు ఎంబీ అని రాసినారు. ఇది ఇరవై ఎంబీ అని నువ్వే అంటివి. నాలుగు సెకండ్ల పనికి సాయంత్రం దాకా ఎందుకు?"

ఆయన లెక్కలో తప్పు లేదు సార్. ముప్పై ఏళ్లు కాటా దగ్గర కూర్చున్న మనిషి, ఇరవైని ఐదుతో భాగిస్తే నాలుగే. తప్పు మీరు వేసిన ఐదులో ఉంది. అది 5 మెగాబైట్లు కాదు, 5 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే చోటు. అంటే సెకనుకు 50 లక్షల బిట్లు, ఎనిమిదితో భాగిస్తే 6,25,000 బైట్లు, మీ లెక్క ప్రకారం చెప్పాలంటే 0.625 ఎంబీ. ఇక్కడే ఎనిమిదో వంతుకి పడిపోయింది.

మీ సబ్ ఎడిటర్ గారిని నేను తిట్టట్లేదు, ఎందుకంటే ఈ తప్పు మన అక్షరాల్లోనే ఉంది. ఇంగ్లీషులో చిన్న బీ రాస్తే బిట్, పెద్ద బీ రాస్తే బైట్, చదివేవాడికి కళ్లతోనే తేడా తెలుస్తాది. మన తెలుగులో చిన్న బీ ఎక్కడుంది, పెద్ద బీ ఎక్కడుంది? రెండూ "ఎంబీ" నే. ఇంగ్లీషు కాగితం మీద సక్రమంగా ఉన్న లెక్క తెలుగులోకి వచ్చేసరికి ఆ ఒక్క అక్షరం సైజు ఎగిరిపోయి ఎనిమిది రెట్లు తేడా కొడతాది, ఎవరికీ తెలీదు కూడా. షాపులో మేం నోటితో చెప్పుకునేటప్పుడు కూడా ఇదే గోల, "హండ్రెడ్ ఎంబీ ప్లాన్" అంటాం, "హండ్రెడ్ ఎంబీ ఫైల్" అంటాం, ఆ ఫైల్ ఆ ప్లాన్‌లో ఒక్క సెకండులో దిగుతాదనుకుంటాం, అది ఎనిమిది సెకండ్లు తీసుకుంటే నెట్ వాడికి ఫోన్ చేసి అరుస్తాం. నా దగ్గరికి వారానికి ఇద్దరైనా వస్తారు, 100 అని చెప్పి 12 ఇస్తున్నాడన్నా మోసం అని. మోసం కాదు నాయనా, 100ని ఎనిమిదితో భాగించు, పన్నెండున్నర, నీకు వచ్చేది వస్తానే ఉంది అని చెప్తే, నువ్వూ వాళ్ల మనిషివేనా అన్నట్టు చూస్తారు.

సరే, పెద్దాయన దగ్గరికి వస్తా. బిట్లు బైట్లు చెప్తే ఆయన తల ఊపినాడు కానీ ఊరుకోలేదు. 6,25,000 అయితే మాత్రం ఏందప్పా, 2 కోట్ల బైట్లకు అర నిమిషం, సాయంత్రం ఎందుకు అన్నాడు. అప్పుడు నేను మండీ భాషలోకి దిగినా. పెద్దాయనా, బుడ్డలు తొక్కతో క్వింటాలు కాటా వేస్తే పప్పు ఎంత దిగుతాది అన్నా. ఆయన కళ్లల్లో వెలుగు చూడాల. "డెబ్బై కిలోలు. మంచి సరుకైతే ఇంకా రెండు." ఇదీ అంతే అన్నా. ఆ 5 మెగాబిట్లు అనేది తొక్కతో ఉన్న కాటా.

ఆ డిస్క్ నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతాది, అంటే సెకనుకు 60. ఒక్క చుట్టులో చదివే తల కింద నుంచి పోయేది 10,416 బైట్లు. కానీ అందులో మన డేటా 17 ముక్కలు, వాటినే సెక్టార్లు అంటారు, సెక్టారుకు 512 బైట్లు, మొత్తం 8,704. మిగతాదంతా తొక్క, అంటే ఇది ఫలానా సెక్టార్ అని చెప్పే గుర్తులు, మధ్యలో ఖాళీలు, తప్పులు పట్టే కోడ్. అది లేకపోతే డిస్క్ పని చేయదు, కానీ అది మన లెక్కలోకి రాదు. 8,704ని 60తో గుణించండి, సెకనుకు 5,22,240 బైట్లు. ఇది పప్పు.

పప్పు అంతా చేతికొచ్చినా బాగుండు. రాదు. అసలు కథ ఇక్కడుంది, మీ ఐటంలో దీని పేరే లేదు.

తిరునాళ్లలో రంకులరాట్నం చూసి ఉంటారు. పిల్లలు కూర్చుని తిరుగుతుంటారు, మీరు పక్కన నిలబడి ఒక్కొక్కరికి వరసగా బొరుగుల పొట్లం ఇవ్వాల. ఒకటో పిల్లోడికి ఇచ్చి, వంగి సంచిలోంచి ఇంకో పొట్లం తీసేలోపల రెండోవాడు, మూడోవాడు దాటిపోయినారు, మీ ముందుకు నాలుగోవాడు వచ్చినాడు. రెండోవాడి కోసం రాట్నం మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా నిలబడాల. పిల్లలందరికీ పంచేసరికి రాట్నమోడు కరెంట్ తీసేసి ఇంటికి పోతాడు. మరి ఏం చేయాల? పిల్లల్నే మార్చి కూర్చోబెట్టాల. ఒకటోవాడి పక్కన కాకుండా రెండు సీట్లు వదిలి రెండోవాణ్ణి, ఇంకో రెండు వదిలి మూడోవాణ్ణి. అప్పుడు మీరు వంగి లేచేసరికి కరెక్టుగా కావాల్సినవాడు ముందుంటాడు. మూడు చుట్లలో అందరికీ అందుతాది. పాత డిస్కుల్లో దీన్నే ఇంటర్‌లీవ్ అనేవాళ్లు. అప్పటి కంప్యూటర్లు ఒక సెక్టార్ చదివి మింగేలోపల డిస్క్ ముందుకు పోయేది, అందుకని సెక్టార్ల నంబర్లనే దూరం దూరంగా వేసేవాళ్లు. 1983లో ఐబీఎం ఎక్స్‌టీ కంప్యూటర్‌లో అయితే ఆరుకి ఒకటి, తర్వాత వచ్చిన ఏటీ కంప్యూటర్‌లో మూడుకి ఒకటి.

అంటే ఒక్క ట్రాక్, డిస్క్ మీద ఒక గుండ్రటి గీత, మొత్తం చదవాలంటే ఒక చుట్టు కాదు, మూడు చుట్లు, లేకపోతే ఆరు. 5,22,240ని మూడుతో భాగిస్తే 1,74,080 బైట్లు. ఆరుతో అయితే 87,040. మీరు పేపర్లో వేసిన 5 ఎంబీ, అంటే 50 లక్షల బైట్లు, చేతికొచ్చేసరికి 87 వేలు! 57 రెట్లు తేడా సార్.

ఇంకో తమాషా ఏందంటే ఈ ఇంటర్‌లీవ్ ఎంతో కంపెనీ వాడు బిగించి పంపేది కాదు, మేమే పెట్టుకునేవాళ్లం. డాస్‌లో, అంటే విండోస్‌కి ముందు వాడిన సిస్టంలో, డీబగ్ అనే ప్రోగ్రాం తెరిచి జీ=సీ800:5 అని కొడితే కార్డులో ఉన్న ప్రోగ్రాం లేచి అడిగేది, ఇంటర్‌లీవ్ ఎంత కావాల అని. కుర్రతనంలో నేను ఒకసారి హుషారుగా మూడు పెట్టాల్సిన చోట రెండు పెట్టినా, ఫాస్టుగా అవుతాదని. ఏమైందంటే ప్రతి సెక్టార్‌కీ ఒక పూర్తి చుట్టు ఆగాల్సి వచ్చింది, సెకనుకు 30 వేల బైట్లు కూడా దాటలేదు, కస్టమర్ వచ్చి డిస్క్ పాడు చేసినావు కదరా అని నిలదీసినాడు. అదే డిస్క్, అదే 5 మెగాబిట్లు, అదే స్టిక్కరు. ఇప్పుడు దాని స్పీడు ఎంత అంటే ఏం చెప్తారు?

అందుకే పాత డిస్క్ స్పీడుని ఈ రోజు యూనిట్‌లోకి మార్చమంటే ఊరికే ఎనిమిదితో భాగిస్తే సరిపోదు, ఏ దగ్గర కొలిచినారు అని ముందు అడగాల. తీగలో పారే స్పీడా, తొక్క తీసినాక వచ్చే స్పీడా, చేతికి అందిన స్పీడా.

పెద్దాయన ఎక్కడికీ పోలేదు, స్టూలు మీద కూర్చుని చూస్తానే ఉన్నాడు. నా దగ్గర 486 అనే పాత కంప్యూటర్ ఒకటి ఇప్పటికీ ఉంది, మా ఆవిడ పాత సామానోడికి వేద్దామని పదేళ్ల నుంచి అంటాంది, ఇట్లాంటి రోజు కోసమే దాచినా. కార్డు బిగించి స్విచ్ వేస్తే డిస్క్ తిరగలేదు. తల ప్లేటుకి అతుక్కుపోయింది, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే అట్లా అవుతాది. చేత్తో పట్టుకుని, కరెంట్ ఇచ్చిన క్షణంలో మణికట్టుతో చిన్నగా ఒక్క తిప్పు తిప్పితే, ముందు మూలుగు, తర్వాత విమానం లేచినట్టు సన్నగా పైకి పోయే శబ్దం, తర్వాత టిక్ టిక్ టిక్ అని తలను జరిపే స్టెప్పర్ మోటర్. పెద్దాయన ఆ శబ్దం విని "ఇదే, ఇదే" అని లేచి నిలబడినాడు. మండీలో రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ శబ్దం వినేవాడంట.

దాని ఇంటర్‌లీవ్ ఎంతో మాకు తెలీదు కదా, ఒక ఎంబీ ఫైల్ దొరికితే దాన్ని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కాపీ చేసినా. ఏడు సెకండ్లకు దగ్గర. ఒకటికి ఒకటి అయితే రెండు సెకండ్లలో పోవాల, ఆరుకి ఒకటి అయితే పన్నెండు దాటాల, ఏడు అంటే మూడుకి ఒకటి, తల జరిగే టైం కాస్త కలుపుకుని. మొత్తం డిస్క్‌కి ఎంత టైం పడతాదో అది కూడా అక్కడే కాగితం మీద వేసి చూపించినా. 615 సిలిండర్లు, అంటే తల ఆగే చోట్లు, 4 తలలు, మొత్తం 2,460 ట్రాకులు. 17 సెక్టార్లు, 512 బైట్లు, గుణిస్తే 2,14,11,840 బైట్లు. ట్రాకుకు మూడు చుట్లు, సెకనుకు 60 చుట్లు, అంటే 2,460 ట్రాకులకు 123 సెకండ్లు. ఏ దెబ్బా లేని డిస్క్ అయితే, తల జరగడానికి పట్టే టైం వదిలేస్తే, రెండు నిమిషాల మూడు సెకండ్లు. మీ పేపర్ ప్రకారం నాలుగు సెకండ్లు.

పట్టింది మాత్రం మూడు గంటల పైన. ఎందుకంటే డిస్క్ ముసలిది, కొన్ని చోట్ల చదవలేక అక్కడే గిరికీలు కొట్టి, అబార్ట్, రీట్రై, ఫెయిల్ అని అడుగుతాంటే నేను రీట్రై కొడతాంటే, ఏడోసారో ఎనిమిదోసారో కరుణించేది. మధ్యలో వేడెక్కిందని అరగంట ఆపి టీ తాగినాం. దాన్ని ఏ యూనిట్‌లో చెప్పాలో నాకూ తెలీదు, రీట్రైలలో చెప్పాలేమో.

మీ ఐటంలో ఇంకో చిన్న ముక్క ఉంది, 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్క్ సెకనుకు 8,800 బైట్లు చదివేదని. అది బైట్లు కాదు, అక్షరాలు. ఆ 350 డిస్క్ యూనిట్, 24 అంగుళాల పళ్లేలు 50, అందులో 50 లక్షల అక్షరాలు పట్టేవి, కానీ అప్పటి అక్షరం ఆరు బిట్లది. అప్పటికి బైట్ అంటే ఎనిమిది బిట్లే అని ఎవరూ ముడి వేయలేదు. 8,800ని ఆరుతో గుణిస్తే 52,800 బిట్లు, ఎనిమిదితో భాగిస్తే 6,600 బైట్లు. అంటే మనం కీచుమనే డయలప్ మోడెం వాడినాం చూడండి, 56 కిలోబిట్లది, దాదాపు అంత. ఆరు బిట్లతో 64 గుర్తులే వస్తాయి, ఇంగ్లీషు చిన్న అక్షరాలకే చోటు లేదు, ఇంక మన ఒత్తులు గుణింతాలు అడగొద్దు. ఇప్పుడు ఫోన్‌లో తెలుగులో "అమ్మ" అని కొడితే 12 బైట్లు పోతాయి.

ఇంక వెయ్యా, 1024ఆ అనే గోల. మా అవ్వ సంతకు పోతే ధర అడగక ముందు "ఏ శేరు?" అని అడిగేదంట. కచ్చా శేరు ఒకటి, పక్కా శేరు ఒకటి, పేరు ఒక్కటే, గింజలు వేరు. మా లైన్లో కూడా అదే. డిస్క్ అమ్మేవాడికి కిలో అంటే 1,000, విండోస్‌కి కిలో అంటే 1,024. అందుకే 1 టీబీ డిస్క్, అంటే లక్ష కోట్ల బైట్లు, విండోస్‌లో పెడితే 931 జీబీ చూపిస్తాది. ఒకాయన దీని మీద నాతో షాపులో గొడవ పెట్టుకున్నాడు, 69 జీబీ నువ్వు ఎక్కడ నొక్కేసినావు అని, నేను కాలిక్యులేటర్ చేతికిచ్చి 1,024తో మూడుసార్లు భాగించమన్నా, భాగించి, అయినా నాకు పూర్తిది కావాల అన్నాడు. 1998లోనే అంతర్జాతీయంగా దీనికి వేరే పేర్లు పెట్టినారు, 1,024 లెక్క వాటికి కిబి, మెబి, గిబి అని. ఇంట్లో చెప్తే కవల పిల్లల పేర్లా అన్నారు. జనంలోకి పోలేదు పాపం. అన్నిటికన్నా ఘోరం మన 1.44 ఫ్లాపీ. 14,74,560 బైట్లు దానిది, దాన్ని 1.44 అనాలంటే ఒకసారి 1,024తో, ఒకసారి 1,000తో భాగించాల. కచ్చా కాదు, పక్కా కాదు. సీడీ డ్రైవ్ అయితే ఏకంగా "52 ఎక్స్" అని సొంత కొలత పెట్టుకుంది, ఒక ఎక్స్ అంటే 1,53,600 బైట్లు, 52తో గుణిస్తే సెకనుకు దాదాపు 80 లక్షలు, అదీ డిస్క్ బయటి అంచు దగ్గర మాత్రమే.

కిలో దగ్గర ఈ తేడా రెండున్నర శాతం లోపే, మెగా దగ్గర ఐదు, గిగా దగ్గర ఏడు దాటుతాది. పాత డిస్కుల స్పీడుకి ఇది పెద్ద విషయం కాదు, బిట్టు బైటు దగ్గర ఎనిమిది రెట్లు పోగొట్టుకుని ఇక్కడ రెండు శాతం కోసం కొట్టుకోవడం ఎందుకని నా అభిప్రాయం. కొంతమంది ఒప్పుకోరు.

సాటా సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాత ఐడీఈ వెడల్పు వైరు ఆఖర్లో 133 వరకు వచ్చింది, అది మెగాబైట్లు. 2003 ప్రాంతంలో వచ్చిన సాటా 1.5, అది గిగాబిట్లు. ఒకటి కిలోల్లో, ఇంకోటి గ్రాముల్లో రాసి ఏది బరువు అంటే ఎట్లా? మీరు రెండిటినీ బైట్లే అనుకుని 11 రెట్లు అని వేసినారు. పోనీ ఎనిమిదితో భాగిస్తే 187.5 వస్తాది, అదీ తప్పే. సాటాలో ప్రతి ఎనిమిది బిట్లనూ పది బిట్లుగా మార్చి పంపుతారు, వైరు అవతల ఉన్నవాడికి తాళం తప్పకుండా ఉండటానికి. మళ్లీ తొక్క. కాబట్టి పదితో భాగించాల, 150 మెగాబైట్లు. 133 నుంచి 150, పదకొండు రెట్లు కాదు, నూటికి పన్నెండు పదమూడు ఎక్కువ, అంతే. ఆ పైన వచ్చిన సాటాల్లో 3 గిగాబిట్లు అంటే 300, 6 అంటే 600. అది కూడా రోడ్డు వెడల్పే, బండి స్పీడు కాదు. అప్పటి డిస్కులు లోపల తిరిగి చదివేదే సెకనుకు 50, 60 మెగాబైట్లు.

మీరు వేసిన "20 రెట్లు" గురించి కూడా ఒక్క మాట. 5 మెగాబిట్ల డిస్క్, 100 మెగాబిట్ల నెట్, బిట్టుకి బిట్టు చూస్తే నిజంగానే 20 రెట్లు, తప్పు యూనిట్‌తో రైట్ ఆన్సర్, మా లెక్కల సారు దీనికి సున్నా వేసేవాడు. కానీ చేతికి అందేది చూస్తే, నెట్‌లో సెకనుకు 1,25,00,000 బైట్లు, పెద్దాయన డిస్క్‌లో 1,74,080. దాదాపు 72 రెట్లు. ఎక్స్‌టీ లో పెట్టిన డిస్క్ అయితే 144 రెట్లు.

నాకు ఆశ్చర్యం ఏందంటే ఇదే పేపర్లో జిల్లా పేజీ తిప్పితే శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులకు ఎంత, నిల్వ 215 టీఎంసీలకు ఎంత, ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు అని అంకె తప్పకుండా వేస్తారు. ఒక్క రోజైనా "పోతిరెడ్డిపాడు నుంచి 44,000 టీఎంసీలు వదిలినారు" అని వేసినారా? వేస్తే పొద్దున్నే టీ అంగడి దగ్గరే మిమ్మల్ని ఉతికేస్తారు. మా సీమలో పశువులు కాసే పిల్లోడికి కూడా తెలుసు, నిండి ఉండేది టీఎంసీ, పారేది క్యూసెక్కు, రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అని. నీళ్ల దగ్గర అంత జాగ్రత్త, ఎందుకంటే తప్పు వేస్తే గొడవలవుతాయి. డేటా దగ్గర ఎవరు అడుగుతారులే అనుకున్నారేమో. నేను అడుగుతున్నా.

నేను కోరేది పెద్దదేం కాదు. ఎంబీ, ఎంబీపీఎస్, జీబీపీఎస్ అనే పొట్టి మాటలు స్పీడు దగ్గర వాడొద్దు. "సెకనుకు ఇన్ని మెగాబిట్లు" అనో "సెకనుకు ఇన్ని మెగాబైట్లు" అనో పూర్తిగా వేయండి, ఇంకో అర లైను పోతాది, పోనీండి. వార్తా ఏజెన్సీ నుంచి ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఆ బీ చిన్నదా పెద్దదా అని మీ డెస్కులో ఒకరు కళ్లజోడు పెట్టుకుని చూడాల. పెన్‌డ్రైవ్ డబ్బా మీద 480 అని ఉంటే అది కూడా మెగాబిట్లే, 60 మెగాబైట్లు, చేతికొచ్చేది ముప్పై నలభై. ప్రకటనలు వేసేవాళ్లను మీరు మార్చలేరు, మీ వార్త మీరు మార్చుకోవచ్చు.

సవరణ వేస్తామంటే ఇట్లా వేయండి, నేనే రాసిచ్చేస్తున్నా: "ఎస్టీ-506 తరహా డిస్కుల స్పీడు సెకనుకు 5 మెగాబిట్లు, అంటే 6,25,000 బైట్లు, వాడుకలో అందింది అంతకన్నా బాగా తక్కువ. ఐబీఎం 350 డిస్క్ స్పీడు సెకనుకు 8,800 ఆరు బిట్ల అక్షరాలు, అంటే 6,600 బైట్లు. మొదటి సాటా స్పీడు సెకనుకు 1.5 గిగాబిట్లు, అంటే 150 మెగాబైట్లు." నాలుగు లైన్లు కూడా రాదు.

పెద్దాయన డిస్క్‌లో ఖాతాలు చాలా మటుకు వచ్చినాయి, రెండు ఫైళ్లు పోయినాయి. మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే రెప్పపాటులో అయిపోయింది, ఆయన నమ్మలేదు, ఇంకోసారి వెయ్యి అన్నాడు, వేసినా. డబ్బులిచ్చేటప్పుడు, మరి పేపరోళ్లు తొక్కతో తూకం వేసి పప్పు రేటు రాసినారన్నమాట అన్నాడు. సవరణ పడితే కటింగ్ తీసి పెట్టమని చెప్పిపోయినాడు. ఈ ఆదివారం నుంచి స్పెషల్ పేజీ చూస్తా ఉంటా.

ఇట్లు
మీ పాఠకుడు, కంప్యూటర్ రిపేర్ షాపు, కర్నూలు